బల్ల సర్దుకునే ముందు: చిన్నీకి అత్త రాసేది

చిన్నీ,

బొమ్మలు గీసే పనికి కొత్త గదిలో బల్ల మీద ఏవి పెట్టుకోవాలో చెప్పమని నువ్వు పంపిన ఆర్గనైజర్ల, అదే పెన్నులూ క్లిప్పులూ సర్దుకునే అరల డబ్బాల, ఫొటోలన్నీ చూశాను. అక్రిలిక్‌ది చాలా అందంగా ఉంది కానీ ఇప్పుడే కొనకు. ఆ గదిలో నువ్వింకా ఒక్క ఆర్డరు కూడా పూర్తి చెయ్యలేదు, దేనికోసం నీ చెయ్యి ఎటు వెళ్తుందో నీకే తెలియదు, అలాంటప్పుడు ఎనిమిది అరలున్నది కొంటే ఆ అరలు నింపడానికే ఇంకో పది వస్తువులు కొంటావు. చాలామంది బల్లల మీద ఇదే చూశాను.

కొన్నాళ్లు ఇంట్లో ఉన్న గాజు గ్లాసులు, స్వీటు డబ్బాలు పెట్టుకుని పని చెయ్యి. రోజూ పనయ్యాక, సర్దకముందే, బల్లని పైనుంచి ఒక ఫొటో తీసి పెట్టుకో. ఓ వారం ఫొటోలు వరసగా చూస్తే రబ్బరు ఎప్పుడూ ఏ మూలకి చేరుతోందో, స్కేలు ఎన్నిసార్లు కాగితాల కింద దాక్కుందో నీకే తెలిసిపోతుంది. రోజూ ముట్టుకునేవి కుర్చీలోంచి వంగకుండా అందాలి. అప్పుడప్పుడూ వాడేవి సొరుగులోకి, ఎప్పుడో గానీ వాడనివి అల్మారాలోకి. మన పోపుల డబ్బా చూడు, ఒక్క మూత తీస్తే గిన్నెలన్నీ కనిపిస్తాయి, నూనె కాగుతుంటే ఆవాల కోసం వెతుక్కునే పనుండదు. అసలు చిన్న సైజు స్టీలుది ఒకటి కొనేసుకో, పాళీలు, క్లిప్పులు, గుండుసూదులు, కట్టర్ బ్లేడ్లు అన్నీ అందులో పడతాయి, మూత ఉంది కాబట్టి దుమ్ము పట్టదు.

దుమ్ము అంటే గుర్తొచ్చింది. గోడకి తగిలించే పలకలు అడిగావు కదా. 1969లో డొరొతీ బెకర్ అనే జర్మన్ డిజైనర్ ఒకటి చేసింది, ఊటెన్‌సీలో అని, ప్లాస్టిక్ పలక మీద ఒక్కో వస్తువుకి ఒక్కో ఆకారంలో జేబులు. ఇప్పటికీ విట్రా అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్లు దాన్ని తయారుచేస్తున్నారు, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. డిజైన్ గొప్పదే, కాదనను. కానీ సీలింగ్ ఫ్యాన్ రోజంతా తిరిగే గదిలో, రోడ్డు పక్క కిటికీ ఉంటే, పైన తెరిచి ఉన్న ప్రతి జేబూ దుమ్ముగూడే. గోడ మీద కత్తెర, స్కేళ్లు, టేపు లాంటి తుడవడానికి వీలైనవి మాత్రం పెట్టు. దానికి చిల్లుల బోర్డు, నాలుగు కొక్కేలు చాలు.

పెన్ స్టాండ్ విషయంలో మాత్రం కాస్త ఓపిగ్గా చదువు, ఎందుకంటే అందరూ అన్నీ తెచ్చి ఒకే గ్లాసులో గుచ్చేస్తారు. ఫౌంటెన్ పెన్ను పాళీ పైకి ఉండేలా నిలబెట్టాలి. రెండు వైపులా మొనలున్న మార్కర్లని పడుకోబెట్టాలి, లేకపోతే ఇంకు ఒక వైపుకే దిగి రెండోది ఎండుతుంది, కాబట్టి వాటికి స్టాండ్ కాదు, ట్రే కావాలి. బ్రష్షులు కడిగిన వెంటనే నిలబెట్టకు, నీళ్లు వెంట్రుకల్ని కర్రకి పట్టి ఉంచే రేకు పట్టీలోకి దిగి లోపలి జిగురు వదులైపోయి వెంట్రుకలు ఊడతాయి, పడుకోబెట్టి బాగా ఆరాక అప్పుడు నిలబెట్టు. ఇంకో మాట, వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పొయ్యనే పొయ్యకు, గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. దాన్ని కలం కర్రకి పాళీ తగిలించి ముంచి రాయడానికే వాడు.

విశాఖలోనే ఉంటున్నావు కాబట్టి స్టాండ్ కోసం ఒకసారి ఏటికొప్పాక వెళ్లిరా. అంకుడు కర్రని తిప్పుతూ లక్క రంగులు అద్ది చేస్తారు, ఆ బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ వాటికన్నా నాకు అదే ఇష్టం. అడుగు వెడల్పుగా ఉన్నది ఏరుకో, లేకపోతే నాలుగు బరువైన పెన్నులు పెట్టగానే పక్కకి ఒరుగుతుంది. శానిటైజర్‌తో మాత్రం తుడవకు, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పొడిగుడ్డ చాలు.

డబ్బు దేనికి పెట్టాలి అంటావా? డబ్బాలకి కాదు, చేతిలో పట్టుకునేవాటికీ కాగితానికీ పెట్టు. రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి కొనుక్కో. స్వదేశీ పెన్ను అందినందుకు 1935లో గాంధీగారు ఆ పెన్నులు చేసిన రత్నంగారికి ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేత్తో మలిచి చేసే పెన్ను అది, బల్ల మీద ఎండ తగిలేచోట వదిలేస్తే రంగు వెలిసిపోతుంది, సొరుగులో పెట్టుకో.

కాగితం కొనేటప్పుడు జీఎస్ఎమ్ చూడు, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని. పదహారు ఏ4 కాగితాలు కలిస్తే ఒక చదరపు మీటరు, అంటే 80 జీఎస్ఎమ్ కాగితం ఒకటి 5 గ్రాములు, 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు. 70 అయితే 2 కిలోల 200 గ్రాములకి కాస్త తక్కువ. షాపులో అనుమానమొస్తే కాటా మీద పెట్టమను, మొహమాటపడకు. అయితే బరువు ఉన్నంత మాత్రాన ఇంకు పాకదని కాదు, నీ పెన్నుతో ఒక గీత గీసి, వెనక్కి తిప్పి చూసి మరీ కొను.

సముద్రపు గాలికి ఇనప క్లిప్పులు తుప్పు పట్టి సరిగ్గా నీ బొమ్మ మూల మీదే మరక చేస్తాయి, ప్లాస్టిక్ పూత ఉన్నవి తీసుకో. కాగితాలు నిలబెడితే వానాకాలంలో వంగిపోతాయి, పడుకోబెట్టు, గోడకి ఆనించకు, చెదలు అటునుంచే వస్తాయి. కుడిచేత్తో గీస్తావు కాబట్టి దీపం ఎడమ వైపు. కుర్చీ సంగతి ఫోన్లో మాట్లాడుకుందాం.

సొరుగు మాత్రం రెడీమేడ్ కొనకు. నువ్వు గీసేది ఏ3 మీద, అది పొడవు 42 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 30 సెంటీమీటర్లు, మామూలు సొరుగుల్లో చాలావాటిలో పట్టదు. వడ్రంగికి లోపలి కొలతలు చెప్పు, 46కి 34, లోతు 6 చాలు, లోతైన సొరుగులో అడుగున పడ్డ కాగితం మళ్లీ కనపడదు. అలాంటివి మూడు, ఒకదాని మీద ఒకటి. బల్ల కింద ఎంత ఖాళీ ఉందో టేపు పెట్టి కొలిచి పంపు, మా వీధి వడ్రంగితో నేను బేరం ఆడతాను.

అత్త