ఐసీయూ నర్సుని. అవయవదానం కోఆర్డినేటర్‌గా వెళ్లమంటున్నారు. కుటుంబాలను ఒప్పించడమేనా ఆ పని?

వెళ్లండి సిస్టర్. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ నుంచే నేనూ ఇటు వచ్చాను. ఒప్పించడం మన పని కాదు. మనిషి పోయాడన్న సంగతి ఇంటివాళ్లకు అర్థమయ్యేదాకా దానం మాటే ఎత్తకూడదు.

బ్రెయిన్ డెత్, అంటే మెదడు తిరిగి రాకుండా పూర్తిగా ఆగిపోవడాన్ని, నిర్ధారించేది నలుగురు డాక్టర్లు. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షిస్తారు. మార్పిడి చేసే టీమ్ వాళ్లు ఆ నలుగురిలో ఉండరు. ఈ ముక్క తప్పకుండా చెప్పండి. "అవయవాల కోసమే ఇలా అంటున్నారేమో" అన్న అనుమానం చాలామందికి ఉంటుంది, పైకి అనరు.

బైక్ యాక్సిడెంట్‌లో కొడుకును పోగొట్టుకున్న ఓ తల్లి, "ఒళ్లు వెచ్చగానే ఉంది కదమ్మా, ఛాతీ లేస్తోంది కదా" అంది. పక్కన కూర్చుని చెప్పాను: ఊపిరి మిషన్‌ది, దాన్ని తీసి ఆక్సిజన్ మాత్రం ఇస్తూ చూశారు, బాబు సొంతంగా ఒక్క శ్వాస కూడా తీసుకోలేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, నేనూ కదిలించలేదు. కాసేపటికి ఆవిడే "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగింది. దానం సంగతి అప్పుడు చెప్పాను. తండ్రి సరేనన్నాడు, బాబాయి వద్దన్నాడు. ఊరి నుంచి తాతగారు వచ్చేదాకా ఆగాం. చివరికి సంతకాలు పెట్టారు. వద్దనే కుటుంబాలూ ఉంటాయి. వాళ్లకూ బాడీ అప్పగించేదాకా తోడుండాలి.

సంతకం అయ్యాక అసలు నర్సింగ్ మొదలవుతుంది. యూరిన్ ఒక్కసారిగా గంటకు మూడు నాలుగొందల ఎం.ఎల్. దాకా పోవచ్చు, సోడియం పెరుగుతుంది, బీపీ పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇవి గంటగంటకీ చూసి డాక్టర్‌కు చెప్పకపోతే దానం చేద్దామనుకున్న కిడ్నీలే పాడైపోతాయి. కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) ఎండకుండా రెప్పలు మూసి ఉంచాలి. ఐసీయూలో పనిచేసినవాళ్లకు ఇవి కొత్త కాదు, అందుకే మీలాంటివాళ్లు రావాలంటాను.

మరోపక్క ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌తో ఫోన్లు. 2013 నుంచి నడుస్తున్న ఆ పథకంలో ఏ అవయవం ఎవరికన్నది వెయిటింగ్ లిస్టును బట్టి తేలుతుంది. గుండెకు టైమ్ మరీ తక్కువ, బయటికి తీశాక నాలుగు నుంచి ఆరు గంటలే. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రోలో గుండెను తీసుకెళ్లింది అందుకే. యాక్సిడెంట్ కేసైతే పోలీసు పంచనామా, పోస్టుమార్టం కూడా ఉంటాయి. "బాడీ ఎప్పుడిస్తారు?" అని ఇంటివాళ్లు పదేపదే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఎంతవరకు వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంగ్లండ్‌లో ఈ పనికి ప్రత్యేకంగా నర్సులే ఉంటారు. 2020 మే నుంచి అక్కడ, వద్దని చెప్పని పెద్దవాళ్లు దానానికి ఒప్పుకున్నట్టే లెక్క. అయినా నర్సు కుటుంబంతో కూర్చుని మాట్లాడుతుంది.

చేరేముందు అవయవదానం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ మోహన్ ఫౌండేషన్ వాళ్ల కోఆర్డినేటర్ శిక్షణ చేయండి. ఐసీయూ బెడ్ డ్యూటీ, ఈ డ్యూటీ రెండూ మీ మీదే వేస్తారేమో మేనేజ్‌మెంట్‌ని ముందే అడగండి. కుటుంబాలతో మాట్లాడటానికి తలుపు వేసుకునే గది ఒకటి కావాలని కూడా చెప్పండి.