క్లీన్ టెక్నాలజీకి ప్రభుత్వ సొమ్ము ఎందుకు?

కాలుష్యాన్ని తగ్గించే క్లీన్ టెక్నాలజీ నిజంగా మంచిదైతే మార్కెట్లో దానంతటదే నిలబడుతుంది కదా, ప్రభుత్వం డబ్బు పెట్టడం దేనికి అన్నది ప్రశ్న. చిక్కంతా మొదటి ప్లాంటు దగ్గరే. ల్యాబ్‌లో పనిచేసిన యంత్రం బయట కూడా పనిచేస్తుందని రుజువయ్యేదాకా అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. ఆ మొదటి అడుగుకే ప్రభుత్వ సొమ్ము కావాలి.

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌నే తీసుకోండి. కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు కలిపి రోజూ సుమారు 10 టన్నుల చెత్త. డంపింగ్ యార్డులో పడేస్తే అదంతా భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది. ఇక్కడ దాన్ని తరిగి, గుజ్జుచేసి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపుతారు. బ్యాక్టీరియా దాన్ని తిని బయోగ్యాస్ ఇస్తుంది. ఆ గ్యాస్‌తో రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు వస్తుంది. దాంతో మార్కెట్ లైట్లు వెలుగుతాయి, క్యాంటీన్ పొయ్యికీ గ్యాస్ అందుతుంది. మిగిలిన మడ్డి ఎరువుగా పనికొస్తుంది.

ఆ ట్యాంకును, అంటే రియాక్టర్‌ను, రూపొందించింది హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) శాస్త్రవేత్తలు. నిధులు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ ఇచ్చాయి. 2021 జనవరిలో 'మన్ కీ బాత్'లో ప్రధాని దీని గురించి చెప్పాక దేశమంతా తెలిసింది.

అయితే ప్లాంటు కట్టి రిబ్బన్ కత్తిరిస్తే సరిపోదు. నా దృష్టిలో అసలు సాయం ఆ తర్వాతే కావాలి. చెత్తలో ప్లాస్టిక్ కవర్లు, గోనె దారాలు కలిస్తే మెషీన్ ఇరుక్కుపోతుంది. ఒక్కసారిగా ఎక్కువ సరుకు వేస్తే ట్యాంకు పులిసిపోయి గ్యాస్ దిగుబడి పడిపోతుంది. అందుకే గ్రాంటులో నిర్వహణ ఖర్చు, పనివాళ్ల శిక్షణ కూడా మొదటినుంచే ఉండాలి.