లాగితే వెడల్పయ్యే పదార్థాలతో పని మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

లాగినప్పుడు సన్నబడకుండా వెడల్పయ్యే ఆగ్జెటిక్ పదార్థాల మీద పరిశోధన చేయాలనుకుంటున్నావనీ, నేరుగా నానో స్థాయిలోనే మొదలుపెట్టాలని ఉందనీ రాశావు. కోరిక మంచిదే కాని, వరుస మార్చుకోమని నా సలహా. ఒక పదార్థం వెడల్పవుతోందని ఎవరు చెప్పినా, ఆ అదనపు చోటు ఏ భాగం తిరగడం వల్ల, ఏ మడత విచ్చుకోవడం వల్ల వచ్చిందో వారు చూపించగలగాలి. పరమాణువుల దగ్గర ఆ ప్రశ్న వేయడం నీకు చేతకావాలంటే, ముందు చేతితో పట్టుకోగలిగిన నమూనా మీద వేసి జవాబు రాబట్టి ఉండాలి.

పార్శ్వ వికృతిని (వెడల్పు దాని మొదటి కొలతలో ఎన్నో వంతు మారిందో) అనుదైర్ఘ్య వికృతితో (పొడవు ఎన్నో వంతు మారిందో) భాగించి, గుర్తు మార్చితే వచ్చేది పాయిజాన్ నిష్పత్తి అని నీకు తెలుసు. ఉక్కుకు అది సుమారు 0.3, రబ్బరుకు 0.5కు చాలా దగ్గర, కార్కుకు దాదాపు సున్న. అన్ని దిశలలోనూ ఒకే గుణం గల పదార్థానికి స్థితిస్థాపకతా సిద్ధాంతం −1 నుంచి 0.5 వరకు అనుమతిస్తుంది కనుక ఋణాత్మక విలువ, అంటే లాగితే వెడల్పవడం, వింతేమీ కాదు. దిశను బట్టి గుణం మారే పదార్థంలో ఈ హద్దులు కూడా వర్తించవు. అందుచేత ఎక్కడ సంఖ్య రాసినా, ఏ దిశలో లాగి ఏ దిశలో కొలిచావో పక్కనే రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో.

కొన్ని మిల్లీమీటర్ల మందమున్న రబ్బరు పలక తీసుకొని దాని మీద సమాన చదరాల గడి గీయి. గడి గీతలు కలిసే ప్రతి బిందువును మధ్యగా చేసుకొని, చదరపు భుజానికి దాదాపు రెండింతల పొడవున ఒక చీలిక కోయి; ఒక బిందువు వద్ద అడ్డంగా కోస్తే దాని పక్క బిందువుల వద్ద నిలువుగా కోయాలి. ప్రతి చీలిక కొసా పక్క చీలిక నడుమకు చేరువగా వచ్చి, దాన్ని తాకకుండా ఆగిపోవాలి. అక్కడ మిగిలే సన్నని వంతెనలే కీళ్లు. ఇప్పుడు పలకను లాగితే చదరాలు ఒకటి విడిచి ఒకటి ఎదురెదురు దిశల్లో తిరుగుతూ, చీలికలు సమచతుర్భుజాలుగా తెరుచుకొని, పొడవూ వెడల్పూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఆదర్శ నమూనాలో పాయిజాన్ నిష్పత్తి −1. గ్రిమా, ఎవాన్స్ 2000లో వివరించిన తిరిగే చదరాల యంత్రాంగం ఇదే. చదరాలు 45 డిగ్రీలు తిరిగేసరికి పెరుగుదల సుమారు 41 శాతం దగ్గర ఆగుతుంది. ఆ తరువాత సాగేది రబ్బరే తప్ప అమరిక కాదు. పలుచని కాగితంతో మాత్రం ఈ పని చేయకు, అది తలం విడిచి పైకి లేచి లెక్క తప్పిస్తుంది.

కొలిచేటప్పుడు ఎక్కువ మంది పొరపడేది పట్టుల దగ్గరే. రెండు చివరలనూ బిగించిన చోట వెడల్పు మారలేదు కనుక పలక నడుమ ఉబ్బి, చివరల వద్ద ఇరుకుగా ఉంటుంది. మధ్య మూడో వంతులో చుక్కలు పెట్టి, లాగిన ప్రతి మెట్టులోనూ ఫొటో తీసి, చుక్కల దూరాలను మాత్రమే కొలువు. 100 మిల్లీమీటర్ల దూరం 102 అయినప్పుడు 50 మిల్లీమీటర్ల వెడల్పు 50.6 అయితే, వికృతులు 0.02, 0.012, విలువ −0.6. పక్కనుంచి కూడా చూసి పలక ఒంగలేదని నిర్ధారించుకో. ఒక్క సంఖ్యతో సరిపెట్టక, వికృతి పెరిగే కొద్దీ విలువ ఎలా మారుతోందో గీసి చూడు.

ఆ తరువాత ఫోమ్ వద్దకు వెళ్లు. రోడరిక్ లేక్స్ 1987లో మామూలు పాలియురేథేన్ ఫోమ్‌ను మూడు దిశల నుంచీ నొక్కి, మెత్తబడే వరకు వేడిచేసి, నొక్కిన స్థితిలోనే చల్లార్చి, ఫోమ్‌లోని చిన్న గదుల కమ్ములు లోపలికి ముడుచుకునేలా చేసి, −0.7 వరకు విలువ సాధించాడు. ఆయన ఘనపరిమాణాన్ని తగ్గించింది 1.4 నుంచి 4 రెట్ల వరకు. చల్లారాక ఫోమ్‌ను మూడు దిశలలోనూ మెల్లగా లాగి, అంటుకున్న సన్నని కమ్ములను విడదీయడం మరువకు. అతిగా వేడెక్కిన పాలియురేథేన్ విషవాయువులు వదులుతుంది కనుక పొగగూడు (ఫ్యూమ్ హుడ్) లేని చోట ఈ పని అసలు పెట్టుకోవద్దు.

ఇలాంటివి నొక్కుపడకుండా తట్టుకుంటాయన్న ప్రచారాన్ని కొంచెం తగ్గించి విను. గట్టిదనం యంగ్ గుణకాన్ని (పదార్థం సాగకుండా ఎంత ఎదురిస్తుందో చెప్పే సంఖ్యను) (1−ν²)తో భాగించిన విలువను అనుసరిస్తుందన్నది నిజమే, ఇక్కడ ν అంటే పాయిజాన్ నిష్పత్తి; −0.7 వద్ద అది దాదాపు రెట్టింపవుతుంది. అయితే అది యంగ్ గుణకం మారకపోతేనే. గదులు మడిచేటప్పుడు ఆ గుణకమే పడిపోయిందేమో కొలవకుండా గొప్పలు చెప్పడం నాకు నచ్చదు.

ఇక నానో స్థాయి. సిలికా స్ఫటిక రూపమైన ఆల్ఫా క్రిస్టోబలైట్‌లో సిలికా చతుర్ముఖీలు (నాలుగు ముఖాల పరమాణు కూర్పులు) తిరగడం వల్ల ఋణాత్మక విలువ వస్తుందని 1992లోనే తేలింది. అంటే నీ రబ్బరు చదరాలకు అక్కడ బంధువులున్నాయి. 2008లో ఏక గోడ, బహుళ గోడ కార్బన్ నానోట్యూబులను (అతి సన్నని కార్బన్ గొట్టాలను) కలిపి చేసిన పలకల్లో, బహుళ గోడల వాటా పెంచిన కొద్దీ విలువ 0.06 నుంచి −0.20కి మారింది. నల్ల భాస్వరపు ఒకే పొర, ముడతల అమరిక కారణంగా, ఒక దిశలో లాగితే మందం పెంచుకుంటుందని 2014లో లెక్కలు చూపాయి. అక్కడి విలువ −0.027 మాత్రమే. ఆ పొరను 5 శాతం లాగావనుకో, సుమారు 0.2 నానోమీటర్ల మందంలో పెరిగేది 0.0003 నానోమీటర్లు. గ్రాఫీన్ (కార్బన్ పరమాణువుల ఒకే పొర) అయితే మొదట మామూలుగానే ప్రవర్తించి, సుమారు 6 శాతం వికృతి దాటాకే గుర్తు మార్చుతుందని 2016 లెక్కలు చెప్పాయి. ఇంత చిన్న మార్పులను నేరుగా కొలవడం చాలా కష్టం కనుక, కంప్యూటర్ లెక్కల్లో పార్శ్వ దిశను బిగించకుండా ప్రతిబలం (లోపలి ఒత్తిడి) సున్న అయ్యేదాకా వదిలావా లేదా అన్నది ముందు చూసుకో. బిగించే ఉంచితే వెడల్పు మారే అవకాశమే ఉండదు.

రబ్బరు పలక మీద చుక్కల దూరాల పట్టికను, వికృతి వక్రరేఖను ముందు పంపు. ఏ చదరం ఏ వైపు తిరిగిందో బాణాలతో గుర్తించిన ఒక ఫొటో కూడా జతచేయి. అది చూశాక నల్ల భాస్వరం లెక్కకు ఏ దిశ ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

శుభాశీస్సులతో.