మొదటి బులెటిన్ చదవబోతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

నీకు న్యూస్ రీడర్‌గా ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సోమవారం పొద్దున ఆరు గంటల బులెటిన్ నీదేనట. విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఫోన్‌లో చెబితే కొన్ని జారిపోతాయని ఉత్తరం రాస్తున్నాను.

చదవాల్సిన అక్షరాలు కెమెరా ముందు చూపించే ప్రాంప్టర్ ఆగిపోతే ఏం చేయాలని టెన్షన్ పడుతున్నావట. దానికి జవాబు చెప్పాలంటే ముందు శాంతిస్వరూప్ గారి గురించి చెప్పాలి. మీ వయసు వాళ్లలో చాలామందికి ఆయన పేరు 2024 ఏప్రిల్ 5న, ఆయన పోయిన రోజునే తెలిసి ఉంటుంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లోనే వచ్చినా, తెలుగు వార్తలు మొదలైంది మాత్రం 1983 నవంబర్ 14న. ఆ మొదటి బులెటిన్ చదివింది ఆయనే. 2011లో రిటైరయ్యారు. ఆయన చదవడం మొదలుపెట్టిన తొలి పదేళ్లూ ప్రాంప్టర్ అనేదే లేదు. చేతిలో కాగితాలు, ఎదురుగా కెమెరా, అంతే. కాగితం మీదికి ఒక్క చూపు వేసి వాక్యాన్ని పట్టుకోవాలి, తలెత్తి మన వైపు చూసి చెప్పాలి, మళ్లీ కిందికి చూసి తర్వాతి వాక్యం అందుకోవాలి.

అర్థం కాని వాక్యాన్ని అలా తలెత్తి చెప్పలేం తల్లీ. కావాలంటే ఈ రాత్రే చేసి చూడు. పేపర్లో ఒక వార్త తీసుకుని అద్దం ముందు కూర్చో. విషయం బోధపడిన వాక్యం నోట్లోంచి దానంతట అదే వస్తుంది. బోధపడనిది సగంలో తెగిపోతుంది. ప్రాంప్టర్ వచ్చాక ఈ పరీక్ష లేకుండా పోయింది. అక్షరాలు లెన్స్ ముందు అద్దంలోనే కనబడుతుంటాయి కాబట్టి, ఏం చదువుతున్నామో తెలియకుండానే బులెటిన్ మొత్తం చదివేయొచ్చు. నాకు భయమంతా దాని గురించే. ప్రాంప్టర్ ఆగిపోవడం పెద్ద సమస్యేం కాదు. ప్రింట్ తీసిన కాపీ ఎప్పుడూ చేతిలో ఉంచుకో. ఒక్కో ఐటమ్ అయ్యేకొద్దీ ఒక్కో కాగితం తిప్పుతూ వెళ్లు. ప్రాంప్టర్ బాగా నడుస్తున్నా సరే తిప్పు. అది ఆగిన క్షణంలో నీ వేలు సరైన పేజీ మీదే ఉంటుంది.

అప్పట్లో మేం మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్లం. మాకు టీవీ లేదు. పక్కింటి వాళ్ల వసారాలో చాప మీద కూర్చుని చూసేవాళ్లం. మీ తాతయ్యకు చదువు రాదు, నీకు తెలుసు కదా. పేపర్ నేను చదివి వినిపిస్తే మధ్యలో పదిసార్లు ఆపి "అంటే ఏందిరా?" అని అడిగేవాడు. శాంతిస్వరూప్ గారు చదువుతుంటే మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ముగింపులో ఆయన నమస్కారం పెడితే తాతయ్య కూడా చేతులు జోడించేవాడు. నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఆ చేతులే.

ఇప్పుడు పని సంగతి. బులెటిన్‌కు కనీసం గంట ముందు స్క్రిప్టు చేతికి తీసుకో. పెన్సిల్‌తో కూర్చో. ఊపిరి తీసుకునే చోట నిలువు గీత గీయి. అంకెలన్నీ మాటల్లో రాసుకో. 1,37,50,000 అని కనబడితే లైవ్‌లో సున్నాలు లెక్కపెట్టే టైమ్ ఉండదు. "కోటీ ముప్పై ఏడు లక్షల యాభై వేలు" అని పైన రాసి పెట్టుకోవాలి. వార్తాసంస్థలు పంపే ఏజెన్సీ కాపీలో 1.2 బిలియన్ అని వస్తే అది నూట ఇరవై కోట్లు. అలా మార్చి చెబితేనే ఇంట్లో కూర్చున్న మనిషికి లెక్క తెలుస్తుంది. ఒత్తుల దగ్గర జాగ్రత్త. బహుమతులు ఇస్తే ప్రదానం, పెద్ద రోడ్డయితే ప్రధాన రహదారి. అర్థం వేరు, అర్ధరాత్రి వేరు. ళకారం పలకడం మానేశారు చాలామంది. నువ్వు మానకు. "కళ"ను "కల" అంటే మాటే మారిపోతుంది.

ఊళ్ల పేర్ల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెబుతాను. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

నేను చేరిన మూడో ఏడు. రాత్రి బులెటిన్‌లో బస్సు ప్రమాదం వార్త వచ్చింది. చనిపోయిన వాళ్లు రామాపురం వాళ్లు. కాపీలో మండలం, జిల్లా రెండూ రాసి ఉన్నాయి. టైమ్ అయిపోతోంది, ముగించమని పీసీఆర్ నుంచి, అంటే బులెటిన్ నడిపించే కంట్రోల్ రూమ్ నుంచి, చెవిలో అంటున్నారు. ఆ కంగారులో నేను ఒట్టి "రామాపురం" అని చదివేసి తర్వాతి వార్తకు వెళ్లిపోయాను. మన దగ్గర రామాపురాలు ఎన్నున్నాయో నీకు తెలుసు. బులెటిన్ అయ్యాక ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఇంకో జిల్లా రామాపురం నుంచి ఒక పెద్దావిడ. "మావాడు కూడా బస్సే ఎక్కాడు బాబూ, ఏ రామాపురం నాయనా?" అంది. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. వాళ్ల ఊరు కాదమ్మా అని చెప్పడానికి నా గొంతు పెగల్లేదు. నేను మిగుల్చుకున్నది రెండు మాటలు, అంటే రెండు సెకన్లు. దానికి ఆ ఇల్లు ఎంత నరకం చూసిందో.

అందుకని, ఊరి పేరు చదివితే మండలం, జిల్లా చదవాల్సిందే. చెవిలో ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. పేరు ఎలా పలకాలో అనుమానం వస్తే రిపోర్టర్‌కు ఫోన్ చేసి అడుగు. ఆ ఊరివాళ్లు ఎలా అంటారో అలాగే అను.

చావు వార్త దగ్గర గొంతు పెంచకు. 1984 అక్టోబర్ 31 సాయంత్రం దూరదర్శన్‌లో ఇందిరాగాంధీ హత్య వార్త చదివింది సల్మా సుల్తాన్ గారు. దేశమంతా అట్టుడుకుతున్న రోజు. అంతటి వార్తకు కూడా కేకలు అవసరం రాలేదు. ఇప్పుడు వీధి గొడవకు కూడా అరవమనేవాళ్లు ఉంటారు. మొదటి నెలలో నువ్వు ఎదురు చెప్పలేవు, నాకు తెలుసు. కనీసం మృతుల సంఖ్య దగ్గర, తల్లిదండ్రులు ఏడుస్తున్న విజువల్స్ దగ్గర తగ్గి చదువు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

పోలీసులు పట్టుకున్న మనిషి నిందితుడే. కోర్టు తేల్చేదాకా అతన్ని దోషి అనకూడదు. "చేశాడని పోలీసులు చెబుతున్నారు" అను. లైంగిక దాడి జరిగిన అమ్మాయి పేరు కానీ, గుర్తుపట్టే వివరం కానీ బయటపెట్టడం చట్టం ప్రకారం నేరం. వార్తలు రాసే డెస్క్ వాళ్ల పొరపాటున స్క్రిప్టులో వచ్చినా నీ నోటి దగ్గర ఆగిపోవాలి.

తప్పు చదివితే అదే బులెటిన్‌లో సరిచేసి, క్షమించమని అడిగి ముందుకు సాగు. దాన్ని మనసులో పెట్టుకుంటే తర్వాతి వార్త కూడా పాడవుతుంది. పని అయ్యాక ఎంతసేపైనా బాధపడు, నాకు ఫోన్ చెయ్.

ఇంకొకటి. శాంతిస్వరూప్ గారు భోపాల్ విషవాయువు దుర్ఘటన మీద నవల రాశారు. 1984 డిసెంబర్‌లో ఆ ఘోరం జరిగినప్పటికి ఆయన వార్తలు చదవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. కాగితం పక్కన పెట్టినా కొన్ని వార్తలు మనిషిని వదలవని నాకు ఆ నవల సంగతి తెలిసినప్పుడు అనిపించింది. నీకూ అలాంటివి వస్తాయి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రాసుకో.

ఆదివారం రాత్రి తొందరగా పడుకో. స్టూడియోలో ఏసీ విపరీతంగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో. మీ పెద్దమ్మకు ఈమధ్య వినికిడి బాగా తగ్గింది. టీవీ చూసేటప్పుడు పెదాల కదలికను బట్టి మాట పోల్చుకుంటోంది. సోమవారం ఐదున్నరకే టీవీ పెట్టి కూర్చుంటానంటోంది. వాక్యం చివరి మాట మింగకుండా, నోరు బాగా తెరిచి చదువు తల్లీ.

మీ పెదనాన్న