సగం మోతాదు మందు వేస్తే దోమలు నీరసపడతాయా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. అపార్ట్‌మెంట్ సంప్‌లో దోమ పురుగులు కనిపించినప్పుడల్లా టెమిఫాస్ అనే దోమ పురుగుల మందు గుళికలు వేస్తున్నాం. ఆ నీళ్ళే అన్నిటికీ వాడతాం కాబట్టి మా బావగారు టెన్షన్ పడి సగమే వేయిస్తారు. "చావకుండా మిగిలినవి నీరసపడతాయి, వాటి పిల్లలు ఇంకా నీరసంగా పుడతాయి, రెండు మూడు తరాల్లో అవే పోతాయి" అంటారు. నిజమేనా అండీ?

జవాబు: కొంత నిజమేనమ్మా, కానీ దోమలు పోవు. చావని మోతాదులో మందు తగిలిన పురుగులు ఆలస్యంగా ఎదగడం, రెక్కలు చిన్నవిగా రావడం, ఆడదోమలు తక్కువ గుడ్లు పెట్టడం ప్రయోగాల్లో చాలాసార్లు కనిపించింది. మందును విరిచేసే ఎంజైములు తయారుచేసుకోవడానికి శక్తి ఖర్చవుతుంది కదా, ఆ మేరకు గుడ్లకు తగ్గుతుంది. అయితే చిన్నగా పుట్టిన ఈడిస్ ఆడదోమ, అంటే డెంగీ దోమ, ఒక్కసారి కుట్టి ఊరుకోదు. పురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న నిల్వ చాలక గుడ్లు తయారయ్యేలోపు మళ్ళీ మళ్ళీ రక్తానికి వస్తుంది. పైగా సంప్‌లో పురుగులు కిక్కిరిసి ఉంటే తిండి చాలక కొన్ని ఎలాగూ చస్తాయి. సగం మందుతో మీరు కొన్నింటిని చంపితే మిగిలినవాటికి కడుపునిండా తిండి దొరికి బలమైన దోమలుగా, ఒక్కోసారి మందు వేయనప్పటి కంటే ఎక్కువగా కూడా బయటికొస్తాయి.

తరాల సంగతికొస్తే నాకు నిజంగా భయం వేసేది అక్కడే. కొన్ని పురుగులకు మందును తట్టుకునే జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒకవైపు నుంచే వచ్చి ఉంటుంది, అవి ఓ మాదిరిగా తట్టుకుంటాయి. పూర్తి మోతాదు వేస్తే ఇవి చాలావరకు చస్తాయి, సగానికి చావవు. చచ్చేవన్నీ ఏ రక్షణా లేనివే. మిగిలినవి వాటిలో అవే జతకడితే కొన్ని పిల్లలకు రెండువైపులా ఆ జన్యువే వస్తుంది, ఇక వాటి మీద పూర్తి మోతాదు కూడా సరిగ్గా పనిచేయదు. చెన్నై వేడిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, ఏడాదికి ఎన్ని తరాలో మీరే లెక్కేసుకోండి. బ్రెజిల్‌లో ఏళ్ళ తరబడి టెమిఫాస్ వాడాక 2000 ప్రాంతానికల్లా చాలా ఊళ్ళలో ఈడిస్ దోమలు దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టాయి, వేరే మందులకు మారాల్సి వచ్చింది.

మీ బావగారి భయం విషయానికి వస్తే, తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా టెమిఫాస్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. 1 శాతం గుళికలైతే 10 లీటర్లకు 1 గ్రాము, 10,000 లీటర్ల సంప్‌కు 1 కిలో. సరిగ్గా వేసినా ట్యాంకర్ నీళ్ళు వచ్చి కలిసినకొద్దీ మందు పలచబడుతుంది, అంటే చివరికి మళ్ళీ అదే తక్కువ మోతాదు. అందుకే కొలత లేకుండా మీరు వేసుకోకండి, కార్పొరేషన్ మలేరియా సిబ్బందితో వేయించండి. అంతకంటే ముందు సంప్ మూత సందు లేకుండా బిగించి, ఓవర్‌ఫ్లో పైపుకి సన్నని జాలీ కట్టించండి. మేడమీది ట్యాంకు కూడా వదలకండి, నగరాల్లో మలేరియా తెచ్చే స్టెఫెన్సీ దోమకి ఓవర్‌హెడ్ ట్యాంకులూ బావులూ అంటే మహా ఇష్టం. కడిగేటప్పుడు గోడలు గట్టిగా రుద్దించండి, ఈడిస్ గుడ్లు గోడకి అంటుకుని ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి.

ప్రశ్న: దోమ పురుగులను చంపే బ్యాక్టీరియా మందులు వాడితే దోమలు అలవాటు పడవంటారు కదా? (టి. నగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఏ బ్యాక్టీరియా అన్నది చూడాలి. బీటీఐ (బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్) అనే రకంలో నాలుగు ముఖ్యమైన విషాలు కలిసి పనిచేస్తాయి, అన్నింటినీ ఒకేసారి తట్టుకోవడం దోమకి చాలా కష్టం. బ్యాసిల్లస్ స్ఫేరికస్ అనే ఇంకో రకం ప్రధానంగా రెండు భాగాలు కలిసి పనిచేసే ఒకే విషం మీద ఆధారపడుతుంది. 1990లలో మన కొచ్చిలోనే మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు దానికి బాగా లొంగకుండా పోయాయి. కొనేటప్పుడు డబ్బా మీద ఏ రకమో చదవండి.