గ్రెనిచ్‌లో మంత్రగత్తె లేదు

తమ్ముడూ,

లండన్‌లోని గ్రీన్‌విచ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నది, పడవలు, గుట్ట మీది అబ్జర్వేటరీ, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ "గ్రీన్ అంటే పచ్చ, విచ్ అంటే మంత్రగత్తె, కాబట్టి పచ్చ మంత్రగత్తె ఊరు" అన్నచోట ఆగిపోయాను. ఇవాళ్టి స్పెల్లింగును ముక్కలు చేసి అర్థం లాగావు. నీ వయసులో నేనూ ఇలాంటివి బోలెడు రాశాలే.

ఊరి పేరుకి అర్థం చెప్పాలంటే ముందు దాని పాత రాతలు వెతుకు. 1086లో విలియం రాజు రాయించిన భూముల లెక్కల్లో, అదే డూమ్స్‌డే బుక్‌లో, ఈ ఊరు 'గ్రెన్‌విజ్'. ఆ చివరి ముక్క పాత ఇంగ్లిష్‌లో 'విక్', లాటిన్ 'వికుస్' నుంచి వచ్చింది. పల్లె, సంత, సరుకు దిగే రేవు, చోటును బట్టి అర్థం మారుతుంది. ఇది థేమ్స్ ఒడ్డు కాబట్టి పచ్చని రేవు అనుకోవచ్చు. శాండ్‌విచ్ ఊళ్లోనూ అదే విక్ (మనం తినేదానికి ఆ పేరు ఆ ఊరి ఎర్ల్ అనే ప్రభువు బిరుదు మీదుగా వచ్చింది), చెషైర్‌లోని నాంట్‌విచ్ దగ్గరికొస్తే మాత్రం ఉప్పు వండే చోటు. అలాగని విచ్ కనిపించిన ప్రతిచోటా రేవు కట్టేయకు: లండన్‌లోనే ఉన్న డలిచ్‌కి విక్‌తో సంబంధమే లేదు, అది సోయకూర మొలిచే పచ్చికబయలు.

ఇక పలకడం. మొదటిసారి లండన్ వెళ్లినప్పుడు పడవ టికెట్ల దగ్గర 'గ్రీన్‌విచ్' అని మూడుసార్లు అడిగాను, బళ్లో గ్రీన్‌విచ్ రేఖ అనే కదా చదువుకున్నాం. కిటికీలో ఆయన చివరికి నాచేత మ్యాప్ మీద వేలు పెట్టించి "ఓ, గ్రెనిచ్!" అన్నాడు. వ ఎటు పోయింది, దీర్ఘం ఏమైంది అని పడవలో దారంతా అదే ఆలోచన. తీరా చూస్తే మనమూ చేసే పనే! అమ్మవారిని అమ్మోరు అంటాం, వ నోట్లోనే పోతుంది. మూడు లోకాలు కలిసి ముల్లోకాలైతే ముందున్న దీర్ఘం కుదించుకుపోతుంది. అయితే ఇప్స్‌విచ్ వాళ్లు వ పోగొట్టుకోలేదు, కాబట్టి ఒక్కో ఊరి పేరూ అక్కడివాళ్ల నోట విను.

తెలుగులో గ్రెనిచ్ అనే రాయి. మన పుస్తకాల్లోని గ్రీన్‌విచ్ ఇదేనని మొదట్లో ఒక్క ముక్క చెప్పు, లేకపోతే వేరే ఊరనుకుంటారు. శీర్షిక మార్చి ఆదివారంలోగా పంపు. ఆ మంత్రగత్తె పేరా తీసేయ్ గానీ పారేయకు, చీపురు వర్ణన బాగుంది, ఏదైనా కథకి పనికొస్తుంది.