చిన్న పాలిప్‌ను కంటితో చూసి చెప్పే అర్హత వచ్చిందని ఎప్పుడు అనుకోవచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కొలనోస్కోపీలు (పెద్దపేగు లోపలిని కెమెరా గొట్టంతో చూసే పరీక్షలు) సొంతంగా చేస్తున్నారు. ఎన్‌బీఐ (రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా చేసే స్కోప్‌లోని ప్రత్యేక కాంతి) మీద ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశారు, చివర్లో పెట్టిన ఫొటోల పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. ఇకమీదట పెద్దపేగు చివరి భాగాలైన రెక్టమ్, సిగ్మాయిడ్‌లలో కనబడే 5 మిల్లీమీటర్ల లోపు హైపర్‌ప్లాస్టిక్ పాలిప్‌లను (పేగు పొర మీద లేచే, సాధారణంగా క్యాన్సర్‌గా మారని బుడిపెలను) తీయకుండా వదిలేయొచ్చా? పెద్దపేగులో మిగతా చోట్ల అదే సైజు పాలిప్‌లను తీసి, పాథాలజీకి పంపకుండా పారేయొచ్చా? 6 నుంచి 9 మి.మీ. వాటి సంగతేమిటి? అందరూ చెప్పే 90 శాతం అసలు దేని లెక్క?

ఇప్పుడే వద్దు అంటాను. కోర్సు చేయడం మంచిదే, కానీ కోర్సులో చూపించే ఫొటోలో పాలిప్ శుభ్రంగా, ఫోకస్‌లో, కదలకుండా ఉంటుంది. మన చేతిలో స్కోప్ ఉన్నప్పుడు పేగు అంత సహకరించదు. మీ సొంత కేసుల్లో, రిపోర్టు రాకముందే మీరు రాసిపెట్టుకున్న మాట ఎంతవరకు నిజమైందో లెక్క తీసి చూపించగలిగినప్పుడు వదిలేయండి, పారేయండి. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తూ, జూనియర్లకు నేర్పుతూ వస్తున్నాను కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

కొలనోస్కోపీలో దొరికే పాలిప్‌లలో ఎక్కువ భాగం 5 మి.మీ. లోపువే. ఆ సైజులో క్యాన్సర్ ఉండటం చాలా చాలా అరుదు. అయినా ప్రతి ముక్కా సీసాలోకి వెళ్లాలి, ల్యాబ్‌లో స్లైడ్ కావాలి, ఒక పాథాలజిస్టు చూడాలి, పేషెంటు రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ పడాలి. కంటితోనే సరిగ్గా చెప్పగలిగితే ఇదంతా తగ్గుతుంది. అందుకే 2011లో అమెరికన్ సొసైటీ ఫర్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ ఎండోస్కోపీ రెండు ప్రమాణాలు పెట్టింది. తీసి పారేసే పద్ధతికి: మనం చూసి చెప్పినదాన్ని బట్టి నిర్ణయించిన తదుపరి కొలనోస్కోపీ గడువు, పాథాలజీని బట్టి నిర్ణయించిన గడువుతో కనీసం 90 శాతం కేసుల్లో కలవాలి. రెక్టమ్, సిగ్మాయిడ్‌లలో వదిలేసే పద్ధతికి: ‘ఇది అడినోమా (క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం పాలిప్) కాదు’ అని మనం అన్నవాటిలో కనీసం 90 శాతం నిజంగానే కాకూడదు. మీరు విన్న 90 ఇదే.

ఈ రెండిట్లోనూ ఒక లోపం ఉంది, అది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఒకే డాక్టరును తీసుకుందాం. ప్రతి 100 అడినోమాల్లో 80ని గుర్తిస్తారు, అడినోమా కాని ప్రతి 100లో 80ని కాదని సరిగ్గా చెబుతారు. ఒక చోట ఆయన చూసిన 100 చిన్న పాలిప్‌లలో అడినోమాలు 30 ఉన్నాయి. ‘కాదు’ అని ఆయన అన్నవి 62, అందులో 56 సరైనవి. అంటే 90 శాతం, పాసయ్యారు. ఇంకో చోట 100లో 60 అడినోమాలు. ఇప్పుడు ‘కాదు’ అన్నవి 44, సరైనవి 32. అంటే 73 శాతం, ఫెయిల్. కన్ను మారలేదు, చూపు మారలేదు, ఎదురైన పాలిప్‌లు మారాయంతే. ఒకరి సామర్థ్యాన్ని కొలవాల్సిన కొలత వాళ్ల దగ్గరికి వచ్చే పేషెంట్లను బట్టి మారిపోతే ఎలా?

గడువు లెక్కదీ అదే కథ. యూరోపియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ ఎండోస్కోపీ 2020 మార్గదర్శకాల ప్రకారం 10 మి.మీ. లోపు, తక్కువ స్థాయి డిస్‌ప్లేసియా (కణాల్లో అసాధారణ మార్పు) ఉన్న అడినోమాలు నాలుగు వరకు ఉన్నా ప్రత్యేకంగా నిఘా కొలనోస్కోపీ అక్కర్లేదు. అలాంటప్పుడు రెండు చిన్న పాలిప్‌లు ఉన్న మనిషిలో వాటిని అడినోమా అన్నా, హైపర్‌ప్లాస్టిక్ అన్నా గడువు మారదు. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 90 దాటేయొచ్చు.

అందుకే అదే యూరోపియన్ సొసైటీ 2022లో కొత్త ప్రమాణాలు ఇచ్చింది. వాటికి సోడా అని పేరు పెట్టారు. వదిలేసే పద్ధతికి, రెక్టమ్, సిగ్మాయిడ్‌లలోని 5 మి.మీ. లోపు పాలిప్‌లలో సెన్సిటివిటీ (ఉన్న అడినోమాల్లో మనం గుర్తించినవి) కనీసం 90, స్పెసిఫిసిటీ (అడినోమా కానివాటిలో కాదని సరిగ్గా చెప్పినవి) కనీసం 80 శాతం. తీసి పారేసే పద్ధతికి రెండూ కనీసం 80 శాతం. మొదటిదానికి ఎక్కువ పట్టింపు ఎందుకంటే అక్కడ అడినోమా అయితే అది పేగులోనే ఉండిపోతుంది. రెండో పద్ధతిలో పాలిప్ ఎలాగూ బయటికి వచ్చేసింది. నాకు ఈ రెండు వేర్వేరు అంకెల పద్ధతే సబబుగా అనిపిస్తుంది. మీ లెక్క కూడా ఇలాగే వేసుకోండి.

ఈ అంకెలన్నీ మనం పూర్తి నమ్మకంతో చెప్పిన పాలిప్‌లకే వర్తిస్తాయి. కాస్త సందేహం ఉన్నా తీసి పాథాలజీకి పంపాల్సిందే. చాలామంది ఈ షరతును పైపైన చదివి వదిలేస్తారు. నన్నడిగితే అసలు నైపుణ్యం అంతా ఇక్కడే ఉంది: నాకు తెలుసు అనుకున్నప్పుడు నిజంగా తెలిసి ఉండటం, తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడం.

మా యూనిట్‌లో చేసే పని చెబుతాను. పరీక్షలో ముందు జవాబు రాసి తర్వాత కీ చూసుకున్నట్టు, పాలిప్ తీయకముందే నర్సుకు మూడు విషయాలు పైకి చెప్పి రిజిస్టర్‌లో రాయిస్తాం: సైజు, ఏమనుకుంటున్నాం, నమ్మకం ఉందా లేదా. మామూలు కాంతిలో ఒక ఫొటో, ఎన్‌బీఐలో దగ్గరగా ఒకటి సేవ్ చేస్తాం. ఒక్కో పాలిప్ ఒక్కో సీసాలో వెళుతుంది. రెండు పాలిప్‌లు ఒకే సీసాలో వేస్తే ఏ రిపోర్టు దేనిదో తేలదు, అప్పుడు లెక్కే ఉండదు. రిపోర్టు వచ్చాక పక్కన రాసి, నెలకోసారి అందరం కూర్చుని ఏకీభవించనివాటి ఫొటోలు మళ్లీ చూస్తాం.

ఇలా కూర్చున్నప్పుడు మనుషుల తీరు బయటపడుతుంది. ఒక సహోద్యోగికి దాదాపు ఏ అడినోమా తప్పిపోదు, కానీ కనబడిన ప్రతిదాన్నీ అడినోమా అంటారు. ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. ఇంకొకరి ఫలితాలు చూస్తే అద్భుతం, తీరా నమ్మకం కాలమ్ చూస్తే సగానికి పైగా ‘లేదు’. తేలికైనవి మాత్రమే చెబుతున్నారన్నమాట. అందుకే ఎంత శాతం పాలిప్‌లకు నమ్మకంగా చెప్పగలుగుతున్నారో కూడా పక్కనే చూడాలి. ఇంకో సంగతి, దీర్ఘ సెలవు నుంచి తిరిగి వచ్చిన వాళ్ల అంకెలు దిగుతాయి. ఒకసారి పాసైతే జీవితాంతం పాసైనట్టు అనుకోవడానికి లేదు.

ఎన్ని కేసులు కావాలి? ఎవరైనా 20 అడినోమాల్లో 18 గుర్తించి 90 వచ్చింది అంటే సంతోషమే, కానీ గణితం ప్రకారం వాళ్ల అసలు సామర్థ్యం 68 నుంచి 99 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 100లో 90 అయితే ఆ పరిధి 82 నుంచి 95కి కుదించుకుంటుంది. కాబట్టి తొందరపడకండి, కేసులు పోగవనివ్వండి.

ఇక చూసే పద్ధతి. రెక్టమ్ మడత పక్కన 3 మి.మీ. పాలిప్ కనబడిందనుకోండి. ముందు నీళ్లతో జిగురంతా కడగాలి. ఆ సన్నటి పొర మిగిలితే ఉపరితలం ఏమీ లేనట్టు కనబడి మోసం చేస్తుంది. గాలి కొద్దిగా లాగితే పాలిప్ మన వైపు లేస్తుంది. నియర్ ఫోకస్ పెట్టి, స్కోప్ కొనను దాదాపు తగిలేంత దగ్గరికి తెచ్చి ఆగాలి. అప్పుడు ఎన్‌బీఐ. అది 415, 540 నానోమీటర్ల కాంతిని మాత్రమే వాడుతుంది. హీమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి రక్తనాళాలు ముదురుగా తేలుతాయి. ఫ్రీజ్ చేసి నైస్ వర్గీకరణ ప్రకారం వరసగా మూడు ప్రశ్నలు వేసుకోండి. రంగు చుట్టూ ఉన్న పొరలాగే, లేదా ఇంకా పాలిపోయి ఉందా? నాళాలు లేవా, ఉంటే ఒకటీ అరా సన్నటి పోగుల్లా ఉన్నాయా? ఉపరితలం మీద ఒకే సైజు చుక్కలు, లేదా అసలు ఏ ఆకృతీ లేకపోవడమా? మూడింటికీ అవును వస్తే హైపర్‌ప్లాస్టిక్. రంగు గోధుమ వైపు తిరిగి, కోలగానో గొట్టాల్లానో కొమ్మలుగా చీలినట్టో తెల్లటి ఆకారాలు, వాటిని చుట్టుకుని గోధుమ రంగు నాళాలు ఉంటే అడినోమా. రంగు ఒక మాట, ఉపరితలం ఇంకో మాట చెబుతుంటే నమ్మకం లేదని రాసేయండి. సాగదీసి చూసే కొద్దీ మనకు కావలసిందే కనబడటం మొదలవుతుంది.

సైజు కంటి అంచనాతో చెప్పకండి. ఎంత వెడల్పో తెలిసిన స్నేర్‌ను (పాలిప్‌ను కోసి తీసే తీగ ఉచ్చును) పక్కన తెరిచి చూడండి. 5కి 7కి తేడా పోయిందంటే ఈ ప్రమాణాలేవీ వర్తించవు.

నైస్‌లో సెసైల్ సెర్రేటెడ్ లీజన్‌కు (హైపర్‌ప్లాస్టిక్‌లా కనబడుతూనే క్యాన్సర్‌గా మారగల చదునైన పాలిప్‌కు) చోటు లేదు. దానికి వాస్ప్ వర్గీకరణ ఉంది: మబ్బు కమ్మినట్టున్న ఉపరితలం, అంచు ఎక్కడో తేలకపోవడం, ఆకారం సక్రమంగా లేకపోవడం, క్రిప్ట్‌లలో (పేగు పొరలోని సన్నటి గుంటల్లో) నల్లటి చుక్కలు. వీటిలో కనీసం రెండు ఉంటే దాన్ని అనుమానించాలి. కుడివైపు పేగులో హైపర్‌ప్లాస్టిక్‌లా కనబడినదాన్ని నేనెప్పుడూ వదిలేయను, మీరూ వదలొద్దు. వదిలేసే పద్ధతి రెక్టమ్, సిగ్మాయిడ్‌లకే పరిమితమైంది ఇందుకే.

పాథాలజీని కొలబద్దగా పెట్టుకున్నాం కానీ అదీ తప్పులకు అతీతం కాదు. 2 మి.మీ. ముక్క నలిగిపోవచ్చు, అడ్డదిడ్డంగా కోత పడొచ్చు, సక్షన్‌లో పోవచ్చు. స్క్రీన్ మీద స్పష్టంగా అడినోమాలా ఉన్నదానికి ‘సాధారణ శ్లేష్మపొర’ అని రిపోర్టు వస్తే, ఫొటో పంపి ఇంకొంచెం లోతు కోతలు చూడమని పాథాలజిస్టును అడగండి. మా దగ్గర అలా అడిగినప్పుడు రిపోర్టు మారిన సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే ఇంగ్లండు అనుభవం చూడండి. 2009లో ఒక స్పెషలిస్టు కేంద్రంలో జరిగిన డిస్కార్డ్ అధ్యయనంలో ఫలితాలు చాలా బాగా వచ్చాయి. అదే పద్ధతిని మామూలు ఆసుపత్రుల్లో, శిక్షణ ఇచ్చి మరీ పరీక్షించిన డిస్కార్డ్ 2 ఫలితాలు 2017లో వచ్చినప్పుడు, రోజువారీ పనిలో దీన్ని సిఫారసు చేయలేమని తేల్చారు. శిక్షణ ఒక్కటే చాలదని నేను అనడానికి అదొక ఆధారం.

ఏఐ ఉందిగా అంటారేమో. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో నార్వే, బ్రిటన్, జపాన్ డాక్టర్లు ఏఐ సాయంతో చూసినప్పుడు సెన్సిటివిటీ 88 నుంచి 90కి మాత్రమే పెరిగింది, గణాంకపరంగా అది తేడా కిందికి రాదు. నమ్మకంగా చెప్పిన పాలిప్‌లు మాత్రం 74 శాతం నుంచి 93కి పెరిగాయి. ఇందులో మంచీ ఉంది, నాకు కొంత భయమూ ఉంది. నేర్చుకునే దశలో ముందు మీ మాట రాసి, తర్వాతే ఏఐ ఏమంటుందో చూడండి. లేకపోతే రిజిస్టర్‌లో ఉండేది మెషిన్ సామర్థ్యం అవుతుంది.

6 నుంచి 9 మి.మీ. పాలిప్‌ల విషయానికొస్తే, ఈ ప్రమాణాలు వాటికి లేవు. మీ చూపు ఎంత బాగున్నా అవన్నీ తీసి పాథాలజీకి పంపండి. చిన్నవాటికి కూడా, మీ అంకెలు 90, 80 దాటాక యూనిట్ హెడ్‌తో మాట్లాడి, రాతపూర్వకంగా పద్ధతి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. పేషెంటుకు ముందే చెప్పండి, ప్రతి పాలిప్ ఫొటో ఫైల్లో ఉంచండి. మొదలుపెట్టాక కూడా అప్పుడప్పుడు కొన్ని వరస కేసుల్ని పూర్తిగా పాథాలజీకి పంపి లెక్క సరిచూసుకోండి.